పాత రైఫిల్‌ని ముందుగా ఒక టైరుకు కట్టి కాల్చండి

(కావలిలో పాత ఎన్‌సీసీ క్యాడెట్ల సమావేశంలో ఒక రిటైర్డ్ పోలీసు ఆర్మరర్ చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, ఎన్‌సీసీ ఆఫీసర్ గారికి, యూనిఫాంలో వచ్చిన పిల్లకాయలకు, వాళ్ల అమ్మానాన్నలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. నవంబరు నాలుగో ఆదివారం ఎన్‌సీసీ దినోత్సవం కాబట్టి క్రమశిక్షణ మీద మాట్లాడమన్నారు. దాని మీద నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగమంతా ఆయుధాగారంలో రైఫిళ్లు విప్పి, బిగించి, పరీక్షించినవాణ్ణి. వచ్చే నెల ఈ పిల్లలు ఫైరింగ్ క్యాంపుకు వెళ్తున్నారని ఇందాకే విన్నాను. అందుకని తుపాకీ గురించే మాట్లాడతాను.

మా కాలంలో తుపాకీ అంటే త్రీనాట్‌త్రీ. 1907లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న నమూనా అది. బెంగాల్లోని ఈశాపూర్ ఫ్యాక్టరీలో లక్షల కొద్దీ చేశారు. 1962లో చైనా సరిహద్దులో మన జవాన్లు గుండు గుండుకీ బోల్టు, అంటే తూటాను లోపలికి తోసి వెనక మూసే కడ్డీ, లాగుతూ పోరాడింది దీనితోనే. ఆ తర్వాత సైన్యానికి ఎస్‌ఎల్‌ఆర్‌లు, అంటే తూటాను తామే ఎక్కించుకునే రైఫిళ్లు వచ్చాయి. పాతవి పోలీసులకు, ఎన్‌సీసీకి, హోంగార్డులకు వచ్చాయి. నాలుగు కిలోల బరువు, మ్యాగజైన్‌లో పది తూటాలు. గుండు గొట్టం దాటేటప్పుడు సెకనుకు సుమారు 740 మీటర్ల వేగం. అంటే శబ్దం కంటే రెండింతలు ఎక్కువ. మంచి రైఫిల్. బురదలో పడ్డా పనిచేస్తుంది. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఒకరు వాడి పక్కన పెట్టిన తుపాకీ ఇంకొకరి చేతికి వచ్చినప్పుడు, దాన్ని కొత్తగా పరీక్షించాల్సిందే. ఇది చెప్పడానికే వచ్చాను.

ఒకసారి మాకు పాత త్రీనాట్‌త్రీల లోడు వచ్చింది. ఎక్కడి నుంచో చెప్పను. భద్రత కోసం రైఫిళ్లు ఒకచోట, బోల్టులు వేరేచోట దాచిపెడతారు, అది సరైన పద్ధతే. కానీ పంపేటప్పుడు ఏ బోల్టు ఏ రైఫిల్‌దో చూడకుండా బోల్టులన్నీ గోతంలో వేసి పంపారు. రైఫిల్ ఒంటి మీద ఒక నంబరు ఉంటుంది, అదే నంబరు బోల్టు పిడి మీద కూడా ఉంటుంది. రెండూ కలవాలి. బోల్టు మారితే తూటా మడమకూ, అంటే దాని వెనక కొసకూ, బోల్టు ముఖానికీ మధ్య ఖాళీ మారిపోతుంది. దాన్ని కొలవడానికి గేజ్‌లు ఉంటాయి. 0.064 అంగుళాల గేజ్ పెడితే బోల్టు మూసుకోవాలి, 0.074 పెడితే మూసుకోకూడదు. రెంటికీ తేడా అంగుళంలో వందోవంతు! మనిషి ముఖం పగలకుండా కాపాడేది ఆ వందోవంతే.

ఆ గేజ్ మా దగ్గర లేదు. ఇండెంట్ పెట్టాం, రాలేదు. మర్నాడు పొద్దున్నే కానిస్టేబుళ్లకు వార్షిక ఫైరింగ్. మా హవల్దార్ గారు గిద్దలూరు వైపు మనిషి, సైన్యంలో చేసి వచ్చి పోలీసు శాఖలో చేరినాయన. నంబర్లు కలవట్లేదు, ఇవి ఇప్పుడే ఇవ్వలేం సార్ అన్నాడు. పైఅధికారికి కోపం వచ్చింది. "సైన్యం ఏళ్ల తరబడి వాడిన తుపాకులయ్యా, వీటికి మళ్లీ పరీక్షేంది?" అన్నాడు. హవల్దార్ గారు గొంతు పెంచలేదు. "వాళ్లు వాడటం మానేశారు కాబట్టే మన దగ్గరికొచ్చాయి సార్" అన్నాడు. ఆ సాయంత్రం ఒక్క గంట టైం అడిగి తీసుకున్నాడు.

రేంజ్‌కి పోయి, పాత లారీ టైరు ఒకటి దొర్లించుకొచ్చి పడుకోబెట్టాం. దాని మీద రైఫిల్‌ని తాళ్లతో బిగించి, గొట్టం మట్టికట్ట వైపు పెట్టాం. ట్రిగ్గర్‌కి దారం కట్టి, ఆ దారం పట్టుకుని గోడ వెనక్కి పోయి లాగాం. ఒక్కో రైఫిల్‌కీ కొన్ని తూటాలు. కాల్చాక మిగిలే ఇత్తడి తొడుగును ఖోకా అంటారు, ప్రతి ఖోకానీ ఆయన చేత్తో తీసుకుని ఎండకు తిప్పి చూసేవాడు. ఒక రైఫిల్ ఖోకా మీద మడమకు కాస్త పైన సన్నటి మెరుపు గీత కనిపించింది. గొడుగు ఊచ కొస వంచి ఖోకా లోపల గీకి, "అబ్బయ్యా, వేలు పెట్టి చూడు, ఊచ తట్టుకుంటా ఉంది" అన్నాడు. లోపల గాడి పడింది. ఇత్తడి సాగిపోయి అక్కడ పలచబడిందన్నమాట. అదే రైఫిల్‌లో ఇంకో తూటా పెట్టి దారం లాగాం. బోల్టు తెరిస్తే మడమ ముక్క ఒక్కటే బయటికి వచ్చింది, మిగతా ఖోకా ఛాంబర్‌లోనే, అంటే తూటా కూర్చునే గూటిలోనే ఉండిపోయింది. అలా తెగినప్పుడు మంట, వాయువు వెనక్కి తన్నుకొస్తాయి. టైరుకు కళ్లు లేవు కాబట్టి సరిపోయింది. మర్నాడు ఆ రైఫిల్ మీద చెంప ఆనించి పడుకోవాల్సినవాడు పెళ్లయి ఏడాది కూడా కాని కుర్రాడు!

ఆ హవల్దార్ గారికి ఎవరూ శాలువా కప్పలేదు. ఇవాళ నాకు కప్పారు కాబట్టి చెప్తున్నాను.

పిల్లలూ, మీరు డ్రిల్లు చేసే రైఫిల్ మీద డీపీ అని అక్షరాలు ఉంటాయి, చూశారా? డ్రిల్ పర్పస్. వాటిలో చాలావాటికి ఛాంబర్‌కి రంధ్రం చేసి ఉంటుంది. దానిలో తూటా పెట్టే ఆలోచన కూడా రాకూడదు. ముందుభాగం చుట్టూ రాగి తీగ చుట్టిన త్రీనాట్‌త్రీ కనిపిస్తే, అది గ్రెనేడ్లు విసరడానికి వాడినది. దాన్ని మామూలు తూటాలకు తీసుకోవద్దు. పాత తూటాల రంజకంలో, అంటే మందును అంటించే పదార్థంలో, ఉప్పులాంటి పదార్థం ఉంటుంది. మన సముద్రపు గాలికి ఒక్క రాత్రిలోనే గొట్టం తుప్పు పడుతుంది. కాల్చిన వెంటనే మరిగిన నీళ్లు పోసి, పుల్‌త్రూ, అంటే గుడ్డ కట్టిన తాడు, లాగి, నూనె పూయాలి. ట్రిగ్గర్ నొక్కినా పేలలేదంటే వెంటనే బోల్టు తెరవకండి. గొట్టం మట్టికట్ట వైపే ఉంచి ఆగండి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

ఇంకో మాట. కొండ అడ్డం ఉంది కదా, రేంజ్‌కి భయం లేదంటారు. రాయికి తగిలిన గుండు ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలీదు. తగలకుండా పోయిన త్రీనాట్‌త్రీ గుండు మూడు కిలోమీటర్లు పోగలదు. మెత్తటి మట్టికట్ట ఉండాలి, ఎర్రజెండా ఉండాలి, చుట్టుపక్కల ఊళ్లలో ముందురోజే దండోరా వేయించాలి. మేకలు తోలుకుపోయేవాళ్లకు మన టైంటేబుల్ తెలీదు. సీసం ఏరుకుందామని మట్టికట్ట తవ్వే పిల్లకాయలను నేనే ఎన్నోసార్లు తరిమాను.

ఇక్కడున్న పాత క్యాడెట్లను ఒకటి అడుగుతాను. చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా ఫైరింగ్ చేసినవాళ్లు చేతులెత్తండి. చూడండమ్మా, చూడండి, వెనక వరుసల్లో కూడా! మాకు దూది ఇచ్చేవాళ్లు, అదీ ఉంటే. దూది ఈ శబ్దాన్ని దాదాపు ఆపదు. త్రీనాట్‌త్రీ శబ్దం 160 డెసిబెల్స్ దాకా పోతుంది. 140 దాటితే ఒక్క దెబ్బకే చెవి దెబ్బతినొచ్చు. చెవి లోపలుండే సన్నటి వెంట్రుకల కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ చెవి గొట్టం కొస వైపు ఉంటుంది, అందుకే అది ముందు పోతుంది. నాకు ఎడమ చెవిలో రాత్రీ పగలూ కీచురాయి అరుస్తూనే ఉంటుంది. మనవరాలు ఆ పక్కన కూర్చుని మాట్లాడితే నాకు వినపడదు. రిటైరయ్యేటప్పుడు చెవి గురించి అర్జీ పెట్టాను. వయసు వల్ల వచ్చిందని రాసి ఫైలు మూసేశారు. నాతో పనిచేసినవాళ్లలో ఎంతమందికి ఇదే వయసు వల్ల వచ్చిందో మరి!

మీరు కాల్చేది పాయింట్ టూటూ అనే చిన్న రైఫిల్, దాని శబ్దం చిన్నదనిపిస్తుంది. పక్కపక్కన వరుసగా పడుకుని కాలిస్తే అదీ తక్కువేం కాదు. పైగా రేపు క్యాంపుల్లో ఇన్సాస్ అనే సైన్యపు రైఫిల్ ఇవ్వొచ్చు. ఫోమ్ ఇయర్ ప్లగ్‌ల జత ఒక టీ ఖరీదు. సరిగ్గా నలిపి లోపలికి పెట్టుకుంటే పాతిక, ముప్పై డెసిబెల్స్ తగ్గిస్తుంది.

ప్రిన్సిపాల్ గారూ, క్యాంపు కాగితం మీ దగ్గరికి సంతకానికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. ఆ రైఫిళ్లను ఆర్మరర్ చూశాడా, ఏ తారీఖున చూశాడు అని అడగండి. నంబర్లు కలిశాయని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇయర్ ప్లగ్‌లు ఎన్ని కొన్నారో బిల్లు చూడండి. అమ్మానాన్నలు కూడా అడగాలి. ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. డబ్బుల్లేవంటే ఈ కాలేజీ పిల్లలందరికీ ప్లగ్‌లు నా పెన్షన్‌లోంచి కొనిస్తాను, నా ఫోన్ నంబరు ఆఫీసులో రాసి ఇచ్చి వెళ్తాను. క్యాంపుకు ముందు రైఫిళ్లు చూడటానికి పర్మిషన్ ఇప్పిస్తే, గేజ్ పట్టుకుని నేనే వస్తాను.