టాపెట్ కవర్ ప్యాకింగ్ ఇంటి దగ్గరే మార్చుకోవడం

[దగ్గరగా: ఎగ్జాస్ట్ మీద ఆయిల్ మరక]

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆగగానే మాడు వాసన వస్తోందా? బానెట్ ఎత్తి, ఇంజిన్ పైన మూతలా ఉండే టాపెట్ కవర్ అంచులు చూడండి. దాని కింది రబ్బరు ప్యాకింగ్ పోయి అక్కడ కారిన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి కాలుతుంటే ఆ వాసనే వస్తుంది. అదే ఆయిల్ స్పార్క్ ప్లగ్ గుంటల్లోకి దిగితే ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది. ఇది చిన్న పెట్రోల్ కార్ల సంగతి. హెడ్ (ఈ కవర్ కూర్చునే ఇంజిన్ పై భాగం) కింద ఉండే హెడ్ ప్యాకింగ్ వేరే పని, దాని జోలికి ఇంటి దగ్గర వెళ్లకండి.

ఆటోనగర్‌లో కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో ఇంజిన్లు మారుతుంటాయి కాబట్టి ఆర్‌సీ చూపించండి. ప్లగ్ గుంటల రింగులు, బోల్టుల కింద రబ్బరు వాషర్లు కిట్‌లో ఉన్నాయో లేదో అక్కడే విప్పి చూసుకోండి.

పని పొద్దున్నే పెట్టుకోండి. రాత్రంతా ఆగిన ఇంజిన్ అయితే చెయ్యి కాలదు. మే నెల మధ్యాహ్నం అయితే బెజవాడలో స్పానరే పట్టుకోలేం. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కవర్ పైన దుమ్ము బ్రష్‌తో దులపండి, లేకపోతే అదంతా లోపల వాల్వులను కదిలించే క్యామ్ మీద పడుతుంది. ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే కాయిల్స్‌కు మార్కర్‌తో నంబర్లు వేసి తీయండి. కవర్ బోల్టులు ఎక్కువ బండ్లకు 10 నంబరు (10 ఎంఎం) స్పానర్‌వే. కవర్ అతుక్కుని రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చకండి, రబ్బరు సుత్తితో పక్కనుంచి తట్టండి.

[దగ్గరగా: హెడ్ అంచు, గోటితో గీకి చూపించడం]

కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ కారిందంటే చాలాసార్లు తప్పు ఇక్కడే జరుగుతుంది. పాత సిలికాన్ ముక్క ఒక్కటి మిగిలినా అక్కడ సందు ఉండిపోతుంది. అల్యూమినియం మీద ఇనుప బ్లేడు వాడితే గీతలు పడతాయి, ప్లాస్టిక్ స్క్రేపరే వాడండి. గీకేటప్పుడు ఆయిల్ రంధ్రాలకు బట్ట అడ్డం పెట్టండి. తర్వాత బ్రేక్ క్లీనర్ చల్లిన గుడ్డతో తుడవండి. గోరు ఎక్కడా తగలకుండా జారాలి.

కవర్ గాడిలో ప్యాకింగ్ పొడిగానే కూర్చోబెట్టండి. చుట్టూ సిలికాన్ పూయడం మన దగ్గర అలవాటు, రబ్బరు ప్యాకింగ్‌కు అది అక్కర్లేదు. పైగా లోపలికి ఊడిన ముక్క ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది. టైమింగ్ చైన్‌ను మూసే టైమింగ్ కవర్ హెడ్‌తో కలిసే మూలల్లో మాత్రం సిలికాన్ శనగ గింజంత పెట్టి, ఆరిపోకముందే కవర్ దించండి.

బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పండి. తర్వాత మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించండి. బిగింపు (టార్క్) సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో అంకె చూసుకోండి. పొడవాటి రాట్చెట్‌తో బలం పెడితే ప్యాకింగ్ నలిగి బయటికి వస్తుంది, లేదా హెడ్‌లో మర పోతుంది. ప్యాకింగ్ ఖర్చు వందల్లో అయితే, మర పోతే లేబర్ బిల్లు వేరుగా ఉంటుంది.

ఇంజిన్ లోపలి ఒత్తిడిని వదిలే పీసీవీ వాల్వ్ తీసి ఊపండి. చాలా బండ్లలో టకటకమని చప్పుడు రావాలి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి కొత్త ప్యాకింగ్‌నూ తోసేస్తుంది.

సిలికాన్ డబ్బా మీద రాసినంతసేపు ఆగి స్టార్ట్ చేయండి. మొదట్లో కాస్త పొగ వస్తే కంగారు పడకండి, ఎగ్జాస్ట్ మీద మిగిలిన పాత ఆయిల్ అది. మర్నాడు టిష్యూ కాగితం కవర్ వెనక అంచున తిప్పి చూడండి. మీ కంటికి ఆనకుండా కారేది ఆ వైపే.