టీఎస్‌హెచ్ నార్మల్, మరి గడ్డ ఎందుకు పెరిగింది?

అందరికీ నమస్కారం. ఇందాక టీ తాగే దగ్గర ఒక పెద్దావిడ ఫైలు తెరిచి చూపించారు. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథిలో ఉసిరికాయంత గడ్డ, సూదితో తీసి చూస్తే క్యాన్సర్ కాదన్నారు, థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్ టీఎస్‌హెచ్ కూడా రక్తపరీక్షలో నార్మలే. "అన్నీ బాగుంటే ఇదెందుకు పెరుగుతోంది నాయనా?" అని అడిగారు. నేను రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టి ఆవిడ ప్రశ్నకే జవాబు చెబుతాను.

ముందు టెన్షన్ తగ్గించే మాట: థైరాయిడ్ గడ్డల్లో నూటికి తొంభై దాకా క్యాన్సర్ కానివే.

ఇక టీఎస్‌హెచ్ సంగతి. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి దీన్ని పంపుతుంది, ఇది థైరాయిడ్ కణాన్ని హార్మోన్ తయారు చెయ్యమంటుంది, పెరగమనీ అంటుంది. ల్యాబ్‌లో కొలిచేది ఇదే కాబట్టి మనకు ఇదొక్కటే తెలుసు. కానీ మనిషి థైరాయిడ్ కణాలను గాజు పళ్ళెంలో పెంచుతూ ఒక్క టీఎస్‌హెచ్ మాత్రమే పోస్తే అవి పెద్దగా విభజన చెందవు. పక్కన ఇన్సులినో, దానికి దగ్గరి చుట్టమైన ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫ్యాక్టరో (కణాన్ని పెరగమని చెప్పే పదార్థం) ఉండాలి. ఎసరు ఎంత మరిగినా బియ్యం పోయకపోతే అన్నం కాదు కదా, అలాగన్నమాట.

దీనికి మనుషుల్లోనే ఒక సాక్ష్యం ఉంది. ఆక్రోమెగలీ అనే జబ్బులో గ్రోత్ హార్మోన్ ఎక్కువై, దానివల్ల ఐజీఎఫ్-1 పెరిగి, చేతులు, పాదాలు, దవడ పెద్దవవుతాయి. వీళ్ళలో టీఎస్‌హెచ్ ఎక్కువ లేకపోయినా థైరాయిడ్ ఉబ్బడం, గడ్డలు కట్టడం మామూలు జనంలో కంటే బాగా ఎక్కువ. పైగా ఐజీఎఫ్-1 థైరాయిడ్ లోపల కూడా తయారవుతుంది, ఒక కణం వదిలింది పక్క కణానికి తగులుతుంది. ఇంట్లో వాళ్ళు గుసగుసలాడుకుంటే వీధిలోకి వినపడుతుందా? రక్తపరీక్షకీ అంతే.

ఇలాంటి గ్రోత్ ఫ్యాక్టరే ఇంకొకటి, ఈజీఎఫ్. స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే వాటి కళ్ళు వేళకు ముందే తెరుచుకున్నాయట, అలా దొరికింది ఇది (1986లో నోబెల్ కూడా వచ్చింది). థైరాయిడ్ కణాన్ని ఇది పెరగమంటుంది గానీ పని మాన్పిస్తుంది, అయోడిన్ లాక్కోవడం తగ్గిపోతుంది. స్కాన్‌లో కొన్ని గడ్డలు 'కోల్డ్' (అయోడిన్ సరిగ్గా తీసుకోనివి) అని రావడానికి ఇదొక్కటే కారణం అనను గానీ, పెరగడం వేరు, పని చెయ్యడం వేరు అని దీంతో అర్థమవుతుంది.

గడ్డ పెరగాలంటే రక్తం కూడా కావాలి, కొత్త రక్తనాళాలు వెయ్యడానికి వీఈజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ ఉంది.

నాకు బాగా నచ్చేది మాత్రం బ్రేకు. టీజీఎఫ్-బీటా అనేది థైరాయిడ్ కణాలను ఆపుతుంది, అయోడిన్ సరిపడా అందితే ఇది పెరుగుతుంది. అయోడిన్ తగ్గితే ఒకపక్క బ్రేకు వదులవుతుంది, మరోపక్క కణాలు పెరుగుదల సంకేతాలకు ఇంకా తేలిగ్గా లొంగుతాయి. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 1956లో డాక్టర్ రామలింగస్వామి గారి బృందం కొన్ని ఊళ్ళకు అయోడిన్ ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి చూస్తే, కొన్నేళ్ళలో అయోడిన్ అందిన చోట గాయిటర్ (థైరాయిడ్ ఉబ్బడం) బాగా తగ్గింది. ఆయన మన శ్రీకాకుళం వాడే. బ్రేకు గురించి అప్పటికి ఎవరికీ తెలియదు, ఉప్పు మాత్రం పనిచేసింది.

అన్ని గడ్డలదీ ఇదే కథ కాదు. కొన్ని 'హాట్' (అతిగా పనిచేసే) గడ్డల్లో టీఎస్‌హెచ్ రిసెప్టరే, అంటే కణం మీద టీఎస్‌హెచ్ మాట అందుకునే భాగమే, మారిపోయి, స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోతుంది, ఎవరూ పిలవకుండానే కణం పరిగెడుతుంది. 1993లో బ్రస్సెల్స్ పరిశోధకులు దీన్ని పట్టుకున్నారు. అక్కడ రక్తంలో టీఎస్‌హెచ్ తక్కువగా ఉంటుంది, ఆవిడ కేసు అది కాదు.

ఇప్పుడు చూడండి, ఒకప్పుడు టీఎస్‌హెచ్‌ని అణిచేస్తే గడ్డ కరుగుతుందని థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్రలు ఎక్కువ మోతాదులో ఇచ్చేవారు. కొందరిలో కాస్త తగ్గేది, చాలామందిలో లేదు, గుండె దడ, ఎముకలు పలచబడటం మాత్రం మిగిలేవి. ఎన్నో చేతులు తోస్తున్న బండికి ఒక చెయ్యి తీసేస్తే ఆగదుగా! అందుకే ఇప్పుడు అయోడిన్ సరిపడా తినేవాళ్ళకు అలా మామూలుగా ఇవ్వరు. అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టి చూస్తారు, బాగా పెరిగి మింగడానికో ఊపిరికో అడ్డమైతే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

ప్రశ్నలు అడగండి. క్యాబేజీ తింటే థైరాయిడ్ ఉబ్బుతుందంటారు, మానెయ్యాలా అని చెయ్యెత్తబోతున్న వాళ్ళకు ముందే చెప్పేస్తున్నా: అయోడిన్ ఉప్పు వాడుతూ వండుకు తినేవాళ్ళకు అక్కర్లేదు.