ఆ గొట్టాలను పీకేయకండి

పాత కార్లంటే ప్రాణం పెట్టే మీ అందరికీ నమస్కారం.

కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) కాలపు కారు ఐడిలింగ్‌లో వణికినా, పికప్ తగ్గినా, చాలామంది చెయ్యి మొదట వెళ్లేది దాని చుట్టూ అల్లుకున్న సన్నటి రబ్బరు గొట్టాల మీదికే. పీకేసి, మూతి బిగించి, పీడ విరగడైందనుకుంటారు. కానీ ఆ ఇంజన్‌ని ఆ గొట్టాలతో కలిపే ట్యూన్ చేశారు. తీసేస్తే పాత లోపం అలాగే ఉంటుంది, కొత్తది తోడవుతుంది.

పొగ కాలుష్యాన్ని తగ్గించే ఈ పరికరాలు, వాటి గొట్టాలు అన్నీ ఒకేసారి వచ్చినవి కావు. లాస్ ఏంజలెస్‌ను కమ్మేసే పొగకు కార్లకు ఉన్న సంబంధాన్ని శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో తేల్చాక, అమెరికాలో 1960ల్లో పీసీవీ వాల్వు (ఇంజన్ లోపల చేరే ఆవిర్లను తిరిగి ఇంజన్‌కే పంపేది), 1970ల మొదట్లో బొగ్గు డబ్బా (పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచేది), ఈజీఆర్ (కాల్చిన వాయువును తిరిగి పంపే వాల్వు) వచ్చాయి. 1975 మోడళ్లతో పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ విరివిగా వాడకంలోకి వచ్చింది. అన్నీ అదే కార్బురేటర్ ఇంజన్‌కు ఒకదాని తర్వాత ఒకటి తగిలించినవే, అందుకే అంత చిక్కు. బోనెట్ కింద వాక్యూమ్ గొట్టాల బొమ్మ ఉన్న స్టిక్కర్ మిగిలి ఉంటే మీ అదృష్టం. ముందు దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

వాల్వుల జోలికి వెళ్లేముందు ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, ఎయిర్ ఫిల్టర్ చూసుకోవాలి. ఆ తర్వాత ఇంజన్ పీల్చే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్ పెట్టండి. సముద్రమట్టం దగ్గర, మామూలు ఇంజన్‌కు ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) దాకా ముల్లు కదలకుండా నిలవాలి. తక్కువలో నిలిచిందంటే ఎక్కడో గాలి లాగుతోందని, లేదా టైమింగ్ వెనకబడిందని అనుమానించాలి. గొట్టాలు ఎక్కువగా చివర్లలోనే, ముక్కుకు తొడిగిన చోట పగులుతాయి. వంచి చూస్తే తప్ప కనబడదు.

పీసీవీ సంగతి తేలిక. ఇంజన్ నడుస్తుండగా వాల్వును బయటికి తీసి బొటనవేలితో మూయండి. వేలిని లాగాలి, ఇంజన్ వేగం కాస్త తగ్గాలి. లాగకపోతే గొట్టమో వాల్వో పూడుకుపోయినట్టు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ చేరడం కూడా దానికి గుర్తే.

అందరూ తిట్టేది ఈజీఆర్‌ని. కాల్చిన వాయువును కొంత తిరిగి సిలిండర్లలోకి పంపి మంట వేడిని తగ్గించడం దీని పని. వేడి సుమారు 1,370 డిగ్రీల సెల్సియస్ దాటితే నైట్రోజన్ ఆక్సైడ్లు జోరుగా పుడతాయి. ఐడిలింగ్‌లో ఇది మూసి ఉండాలి. చేతి వాక్యూమ్ పంపుతో డయాఫ్రమ్‌ను (వాల్వును కదిలించే పలుచని పొర) లాగితే ఇంజన్ తడబడాలి, లేదా ఆగిపోవాలి. పంపు మీది ముల్లు నిలిచినా ఇంజన్ చలించకపోతే దారులు మసితో మూసుకుపోయాయన్నమాట. వాల్వును మార్చడం కాదు, మసి గీకాలి. ముల్లు నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగిందని వెంటనే తీర్పు ఇవ్వకండి. కొన్ని వాల్వులు సైలెన్సర్ వైపు నుంచి ఒత్తిడి వస్తేనే వాక్యూమ్‌ను పట్టి ఉంచుతాయి. మంచి వాల్వులు ఎన్నో ఇలాగే చెత్తబుట్టలో పడుతుంటాయి. ఈజీఆర్‌ని మూసేసిన కార్లు లోడు మీద నాకింగ్ చేయడం (ఇంజన్ టకటక కొట్టుకోవడం) మామూలే, ఎందుకంటే టైమింగ్ అడ్వాన్సును దాన్ని లెక్కలో పెట్టుకునే ఇచ్చారు.

యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో ఢాం అంటే ఎయిర్ పంపు (పొగ దారిలోకి గాలి ఊదేది) గాలిని పక్కకు మళ్లించే డైవర్టర్ వాల్వును చూడండి. పంపు గొట్టం కరిగి ఉంటే పొగ వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు పోయి, వేడి పొగ వెనక్కి తన్నినట్టు. ఆగి ఉన్న కారులో పెట్రోలు వాసన వస్తే బొగ్గు డబ్బానూ దాని గొట్టాలనూ చూడాలి. కన్వర్టర్ ఎర్రగా కాలుతోందంటే దోషం తరచుగా దానిది కాదు, ముందున్న ఇంజన్ మిస్ కొట్టి కాలని పెట్రోలును దాని మీదికి నెడుతోంది.

చివరగా పొగ పరీక్ష. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే పెట్రోలు ఎక్కువైనట్టు. హైడ్రోకార్బన్లు, ఆక్సిజన్ రెండూ పెరిగితే గాలి ఎక్కువై మిస్ కొడుతున్నట్టు. ఎయిర్ పంపు నడుస్తుంటే అది పంపే గాలి ఈ అంకెలన్నిటినీ పలుచన చేస్తుంది. పరీక్షించేటప్పుడు దాని గొట్టాన్ని తాత్కాలికంగా తీసి, అంకెలు రాసుకున్నాక మళ్లీ తొడగండి. ఈ పనంతా ఆరుబయటే చేయండి, తలుపులు మూసిన షెడ్డులో మాత్రం వద్దు.