స్లీపర్ డిజైన్ కాదు, ముందు గుంత లోతు చూడండి! కాంక్రీట్ స్లీపర్ రిటైనింగ్ వాల్ రివ్యూ

హాయ్ అండి అందరికీ, చాలామంది కామెంట్లలో అడుగుతున్నారు కదా కాంక్రీట్ స్లీపర్లు (అంటే పొడవాటి కాంక్రీట్ పలకలు), స్టీల్ పోస్టులతో కట్టే రిటైనింగ్ వాల్, అంటే వెనక మట్టి జారిపోకుండా ఆపే గోడ, ఎలా ఉంటుందని, ఈరోజు అదే చూద్దాం. పద్ధతి సింపులే, హెచ్ ఆకారం పోస్టులు వరసగా పాతి, వాటి గాడిలోకి పైనుంచి స్లీపర్లు ఒకదాని మీద ఒకటి దించేయడమే, చివర్లలో సీ ఆకారం (సీ ఛానెల్) పోస్టులు పెడతాం. ప్లాస్టరింగ్ లేదు, చెక్కలాగా చెదలు పట్టే గొడవ లేదు, పని కూడా చకచకా అయిపోతుంది. నాకైతే నచ్చింది.

కానీ బరువు చూసుకోండి బాబూ. 2 మీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల ఎత్తు, 75 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క స్లీపరే 70 కిలోలు దాటుతుంది, దించేటప్పుడు వేలు కింద పడిందా, అంతే సంగతులు.

ఇంక అసలు విషయం. కొనేటప్పుడు అందరూ రాయి డిజైనా, చెక్క డిజైనా అని గంటలు గంటలు చూస్తారు, నన్నడిగితే అది ఆఖర్న చూసుకోవచ్చు, ఎందుకంటే గోడని నిలబెట్టేది పోస్టు, పోస్టుని పట్టి ఉంచేది గుంతలో పోసిన కాంక్రీట్. మామూలుగా పైన గోడ ఎంత ఎత్తో కింద గుంత కనీసం అంత లోతు ఉండాలంటారు, మట్టి మెత్తగా ఉంటే ఇంకా ఎక్కువే. గోడ ఎత్తు రెట్టింపు చేస్తే మట్టి తోసే బలం 4 రెట్లు, పోస్టుని అడుగు దగ్గర వంచే శక్తి ఏకంగా 8 రెట్లు అవుతుంది! అందుకే అర మీటరు గోడ బానే నిలబడింది కదా అని అదే సైజు పోస్టులతో మీటరు గోడ లేపేయకండి. మీటరు దాటినా, పైన కారు ఆపేలా ఉన్నా ఇంజనీర్‌తో లెక్క కట్టించండి, పర్మిషన్ కావాలేమో కనుక్కోండి.

తర్వాత నీళ్లు. వెనకాల మట్టిలో నీళ్లు నిలిస్తే ఆ బరువంతా గోడ మీదే కదా, అందుకని అడుగున చిల్లుల పైపు వేసి, నీళ్లు బయటికి పోయేలా వాలు ఇచ్చి, దాని మీద కంకర నింపి, మట్టికీ కంకరకీ మధ్య నీళ్లని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి, లేకపోతే బురద దిగి కంకర పూడుకుపోతుంది. బయటికి కనిపించని ఖర్చని చాలామంది మిగుల్చుకునేది ఇక్కడే, నాకు ఒళ్లు మండేదీ ఇక్కడే.

ఇంకోటి, స్లీపర్ కొసన చూడండి, లోపలి కమ్ములు మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉంటే ఆ పక్క బయటికి రావాలి, మట్టి వెనకనుంచి తోస్తే సాగేది ముందు వైపే. తిప్పి పెడితే పగుళ్లొస్తాయి. పోస్టులు తుప్పు పట్టకుండా జింక్ పూత వేసిన గాల్వనైజ్డ్‌వే తీసుకోండి, కోయాల్సి వస్తే కోసిన చోట జింక్ పెయింట్ వేయండి. పోస్టుల కాంక్రీట్ బాగా గట్టిపడేదాకా వెనక మట్టి మాత్రం నింపకండి.