పాలమూరు లేబర్ ఇప్పుడు ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

పాలమూరు లేబర్ అంటే తెలియని కాంట్రాక్టరు ఈ దేశంలో ఒకప్పుడు ఉండేవాడు కాదు. ఎక్కడ ఆనకట్ట మొదలైనా, ఎక్కడ కాలువ తవ్వినా మన గుంపు మేస్త్రి ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు పంచేవాడు. మొగుడూ పెళ్ళాలను జంటగా లారీ ఎక్కించేవాడు. ముసలివాళ్ళు, బడికి పోయే పిల్లలు ఇంటికాడ మిగిలేవాళ్ళు. మన పక్కనే ఉన్న నాగార్జునసాగర్‌నే తీసుకోండి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ డ్యామ్ రాతి కట్టడం. రాయి కొట్టాలి, ముఖం తీర్చాలి, సందు లేకుండా పేర్చాలి. ఏళ్ళ తరబడి చేస్తే తప్ప చేతికి రాని పనులవి. ఆ పనులు చేసినవాళ్ళకు మిగిలిన కాగితం ఏదైనా ఉందా అంటే, లేదు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, కూలీ అని రాశారు, డబ్బులిచ్చారు, పంపించేశారు.

నేను ఐటీఐలో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. పని తెలిసినవాడికీ, పని చేసేవాడికీ తేడా కనిపెట్టడమే నా ఉద్యోగం. అందుకే ఈ రోజు వలస వచ్చినవాళ్ళ గురించి మాట్లాడమంటే, వాళ్ళ కష్టాల గురించి కాకుండా వాళ్ళ పనితనం గురించి మాట్లాడతానన్నాను. కష్టాల గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇప్పుడు మన జిల్లాల్లో బండి రెండు వైపులా నడుస్తోంది. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు తండాల నుంచి ముంబైకి, పుణెకు పోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ముంబైలో కామాఠిపుర అనే పేటకు ఆ పేరు వచ్చిందే మన తెలంగాణ నుంచి పోయిన కామాఠీల వల్ల. భివండి, షోలాపూర్ మగ్గాల మీద నల్లగొండ నేత కుటుంబాలు తరాలుగా బతికాయి. అదే సమయంలో కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక మన పొలాల్లోకి బయటివాళ్ళు రావడం మొదలైంది. నాట్లకు బీహార్ నుంచి, పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు దిగుతున్నాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో బీహారు వాళ్ళున్నారు. ఇటుక బట్టీల్లో ఒడిశాలోని బొలంగీర్, నువాపడా జిల్లాల కుటుంబాలు సంక్రాంతికి ముందే దిగి, ఎండాకాలం అయ్యేదాకా ఉంటాయి.

మరి మనం వాళ్ళను ఎలా చూస్తున్నాం? పుణెలో మనవాళ్ళను చూసినట్టే. పేరు అడగం, "ఓ బీహారీ" అని పిలుస్తాం. 2020 లాక్‌డౌన్‌లో మన ఊళ్ళ వాళ్ళు వాళ్ళకు అన్నం పొట్లాలు పంచారు, కాదనను, అది గొప్ప విషయమే. కానీ అన్నం పెట్టడం తేలిక. "నీకేం పని వచ్చు తమ్ముడూ?" అని అడిగి, వాడు చెప్పింది నమ్మి, దానికి తగ్గ కూలీ ఇవ్వడం కష్టం. ఎందుకంటే అందులో మన జేబుకు ఖర్చుంది.

నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెప్తాను. మా పక్క వీధిలో ఇల్లు కడుతున్నారు. పుణెలో ఏళ్ళ తరబడి పనిచేసి, తల్లికి బాగాలేక తండాకు తిరిగొచ్చిన ఒకతను వాచ్‌మన్ పని అడగడానికి వచ్చాడు. అప్పుడే అక్కడ కుర్రాడొకడు బీముకు వేసే రింగుల కోసం కడ్డీ ముక్కలు కొడుతున్నాడు. ఇతను కాసేపు చూసి, ఉండబట్టలేక, "అన్నా, ముక్క పొట్టిగైతంది" అన్నాడు. మేస్త్రి చిరాకు పడ్డాడు. అతను కింద పడున్న ఇటుక పెళ్ళ తీసుకుని గోడ మీద లెక్క రాశాడు. బీము 9 అంగుళాలు, 12 అంగుళాలు. నాలుగు దిక్కులా కడ్డీని కప్పే కాంక్రీటు పొరకు, అంటే కవరుకు, అంగుళం చొప్పున వదిలితే రింగు 7, 10. చుట్టుకొలత 34. రెండు హుక్కులకు ఇంకో 6. ముక్క 40 కొట్టాలి, మీరు 36 కొడుతున్నారు. హుక్కు పొట్టిదైతే లోపలికి సరిగ్గా వంగదు, కాంక్రీటు పోసి కర్రతో కుమ్మేటప్పుడే రింగు విచ్చుకుంటుంది. పిల్లరు దగ్గరికి వచ్చేసరికి రింగులు దగ్గర దగ్గరగా కట్టాలనీ, మధ్యలో ఎడం ఇచ్చినా ఫరవాలేదనీ కూడా చెప్పాడు. మా ఐటీఐ పిల్లలు రెండో ఏడాదిలో కూడా ఇంత సాఫీగా చెప్పలేరు.

మేస్త్రి తెలివైనవాడు. మర్నాడే అతన్ని కడ్డీ పనిలో పెట్టుకున్నాడు. కూలీ మాత్రం హెల్పర్ కూలీయే ఇచ్చాడు. అదేమిటయ్యా అంటే, "కాగితం ఏముంది సార్ ఆయన దగ్గర?" అన్నాడు. నిజమే, పుణెలో ఏ కాంట్రాక్టరూ అతనికి ఒక్క ముక్క రాసివ్వలేదు.

కాగితం లేదన్న మాట ఎంత సౌకర్యమో చూడండి. కనీస వేతనాల లెక్కలో పని రాని కూలీ, కొంత వచ్చినవాడు, నిపుణుడు, బాగా నిపుణుడు అని మెట్లుంటాయి. మెట్టు మారితే కూలీ మారాలి. నిపుణుణ్ణి కింది మెట్టు మీదే నిలబెడితే ఆ తేడా యజమానికి మిగులుతుంది. పనేమో నిపుణుడి పని జరుగుతుంది. వలస వచ్చినవాడి విషయంలో ఈ ఆట మరీ సులువు. వాడికి ఊళ్ళో సాక్ష్యం చెప్పేవాడు లేడు, భాష రాదు, అడ్వాన్సు మెడ మీద ఉంటుంది.

అయితే మార్గాలు అసలు లేవా? ఉన్నాయి, కానీ సగం సగమే వాడుకుంటున్నాం. 2021 ఆగస్టులో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్మికుల నమోదు పోర్టల్ ఈ-శ్రమ్‌లో 16 నుంచి 59 ఏళ్ళ లోపు అసంఘటిత కార్మికులు ఎవరైనా పేరు రాయించుకుని 12 అంకెల నంబరు తీసుకోవచ్చు. అందులో చేసే పని ఏమిటో రాసే గడి ఒకటి ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి తొందరలో "వ్యవసాయ కూలీ" అని కొట్టేస్తాడు. క్యూలో నిలబడ్డవాడు తలూపుతాడు. ఆ గడిలో కడ్డీ పని, సెంట్రింగ్, టైల్స్, తాపీ అని సరిగ్గా రాయించుకోవడానికి పట్టేది ఒక్క నిమిషం. చదువుకున్న పిల్లలు ఎవరైనా పక్కన నిలబడి ఆ ఒక్క నిమిషం సాయం చేస్తే చాలు. ఇల్లు కట్టే పనిలో ఉన్నవాళ్ళకు 1996లో వచ్చిన చట్టం వల్ల సంక్షేమ బోర్డు ఏర్పడింది. 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణం పని చేసినవాళ్ళు అందులో చేరవచ్చు. బీహార్ వాడైనా, బొలంగీర్ వాడైనా మన దగ్గర పని చేస్తే మన దగ్గరే చేరవచ్చు. ఆ 90 రోజులూ చేశాడని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఇల్లు కట్టించుకునే మనం పెట్టొచ్చు. అడిగితే చాలామంది, "మనకెందుకు లేనిపోని టెన్షన్" అని తప్పుకుంటారు. నాకు ఎక్కువ కోపం వచ్చేది అక్కడే.

చేతిలో పని ఉండి సర్టిఫికెట్ లేనివాళ్ళను పరీక్షించి, కొద్దిపాటి శిక్షణతో సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఆలోచన మంచిదే. కానీ అడ్డా మీద నిలబడేవాడు రోజు కూలీ వదులుకుని పరీక్షకు రావాలంటే, ఆ సర్టిఫికెట్ చూపిస్తే మర్నాడు కూలీ పెరగాలి కదా. అది జరగనంతకాలం ఆ కాగితం గోడకు తగిలించుకునే ఫొటోతో సమానం. ప్రభుత్వ పనుల కాంట్రాక్టుల్లోనైనా, సర్టిఫికెట్ ఉన్న కార్మికుడికి నిపుణుడి కూలీ ఇచ్చి తీరాలని పట్టుబడితే పరిస్థితి మారుతుందని నా నమ్మకం.

వేరే దేశాలూ ఈ చిక్కులోనే ఉన్నాయి. సొంత దేశంలో డాక్టరు చదివి పరాయి దేశంలో టాక్సీ తోలేవాళ్ళ కథలు మీరూ వినే ఉంటారు. జర్మనీలో 2012 ఏప్రిల్ నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. బయటి నుంచి వచ్చినవాళ్ళు తమ చదువునూ, వృత్తినీ అక్కడి లెక్కలో తూచి చూడమని అడిగే హక్కు అది ఇచ్చింది. యుద్ధంలో సర్టిఫికెట్లు పోగొట్టుకుని కట్టుబట్టలతో వచ్చిన శరణార్థి సంగతేమిటి? అలాంటివాడికి పని చేసి చూపించే అవకాశం ఇస్తారు. ఎలక్ట్రీషియన్ అయితే వైరింగ్ చేసి చూపించాలి, పని తెలిసినవాళ్ళు పక్కన నిలబడి చూస్తారు. ఇటుక పెళ్ళతో గోడ మీద లెక్క రాసిన మనవాడికి కావలసింది సరిగ్గా అలాంటి పరీక్షే.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు కూడా ఇక్కడే ఒక మాట. పని వదిలి వచ్చేటప్పుడు అనుభవ పత్రం అడిగి తీసుకోండి. సౌదీ, యుఏఈ కార్మిక చట్టాల్లో అది కార్మికుడి హక్కు, కంపెనీ దయ కాదు. క్రేన్ తోలిన మనిషి ఇంటికొచ్చి ఆటో తోలుకుంటున్నాడంటే, చాలాసార్లు ఆ ఒక్క కాగితం లేకనే.

వలస అంటే దూరం నుంచి వచ్చినవాళ్ళే కాదు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1981 ప్రాంతంలో, కృష్ణకు రెండు పక్కలా సుమారు వంద ఊళ్ళు మునిగాయి. మన వైపు కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల వాళ్ళకు ఆ రోజులు ఇంకా గుర్తే. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, అలంపూర్‌కు తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. చాలా మంచి పని, నేను వెళ్ళి చూసి ముచ్చటపడ్డాను కూడా. రాళ్ళకు నంబరు వేసిన శ్రద్ధలో కొంతైనా మనుషుల మీద పెట్టి, ఎవరు పుట్టి నడుపుతారు, ఎవరు వల అల్లుతారు, ఎవరు ఒండ్రు నేలలో మిరప పండిస్తారు అని రాసుకుని ఉంటే ఎంత బాగుండేది! నష్టపరిహారం భూమికీ ఇంటికీ లెక్కగట్టారు, చేతిపనికి కాదు. 1986లో 98వ నంబరు జీవో వచ్చింది, ప్రాజెక్టుల కింద మునిగిన కుటుంబానికి ఒక ఉద్యోగం అని. ఆ ఉద్యోగాల కోసం తిరిగి తిరిగి, తండ్రి వయసు దాటిపోయి కొడుకు, కొడుకు వయసు దాటిపోయి మనవడు ఆఫీసుల ముందు నిలబడిన ఇళ్ళున్నాయి.

ఇక మన శ్రీశైలం రోడ్డు హైదరాబాద్‌లోకి చేరేచోట, బాలాపూర్ వైపు, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు గుడిసెల్లో ఉంటున్నాయి. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. అందుకని ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చిన కార్డు చేతిలో ఉన్నా, దానితో ఉద్యోగం రాదు. చిత్తు ఏరడం, కూలీకి పోవడం, అంతే. వాళ్ళు ఉండాలా, పోవాలా అన్నది కోర్టులూ ప్రభుత్వాలూ తేల్చే విషయం. కానీ ఇవాళ పని చేయించుకున్నవాడు ఇవాళ్టి కూలీ ఎగ్గొట్టడానికి ఆ వాదన అడ్డం పెట్టుకుంటే మాత్రం అది దొంగతనమే.

చివరికి ఆడవాళ్ళ సంగతి. నిజానికి మొదట చెప్పాల్సింది ఇదే. ఇటుక బట్టీలో కూలీ వెయ్యి ఇటుకలకు ఇంత అని జంటకు కలిపి ఇస్తారు. మట్టి తొక్కేదీ, ముద్ద చేసి అందించేదీ, ఆరిన ఇటుకను తిప్పి పేర్చేదీ భార్య. లెక్క పుస్తకంలో పేరు మాత్రం భర్తది. పాలమూరు గుంపుల్లోనూ ఇదే పద్ధతి ఉండేది, మన అమ్మలు అలాగే చేశారు. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పని చూడండి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను కనిపెట్టి, లోపలి కీలం దెబ్బతినకుండా గోటితో పుప్పొడి భాగాన్ని ఒలిచేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రాయాలి. గోరు కొంచెం లోతుగా దిగితే కాయ రాదు, పైపైన తీస్తే విత్తనం కల్తీ అవుతుంది. దేశంలో పత్తి రైతు నమ్మి కొనే ప్యాకెట్ వెనక ఉన్నది ఆ గోరు. ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు, కొందరు రాయచూరు, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళనూ రోజు కూలీలనే అంటాం.

బట్టీ యజమానులు, విత్తనం రైతులు ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళకు నా విన్నపం ఒకటే. ఈ సీజను నుంచి పుస్తకంలో ఆమె పేరు వేరే వరుసలో రాయండి. పేరు పక్కన చేసే పని రాయండి, దాని పక్కన కూలీ రాయండి. సీజను అయిపోయి వాళ్ళు ఊరికి బయలుదేరే రోజున, ఆ పేజీ జిరాక్స్ తీయించి, మీ సంతకం పెట్టి ఆమె చేతికివ్వండి. వచ్చే ఏడాది ఇంకో బట్టీలోనో, ఇంకో చేనులోనో కూలీ మాట్లాడుకునేటప్పుడు ఆమె దాన్ని చూపించుకుంటుంది.

సెలవు.