మూడు కింద దాక్కున్న సున్నా

శ్రోతలకు నమస్కారం.

బళ్లు తెరిచి ఇంకా నెల నిండలేదు. మన అనంతపురం పల్లెల్లో ఏ అరుగు మీద చూసినా విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, ఒలుస్తున్నారు. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు బడి నుంచి వచ్చి, సంచి పక్కన పడేసి ఆ కుప్ప దగ్గరే కూర్చుంటారు. ఈ పూట ఆ పిల్లల గురించి, ఆ కుప్ప గురించి మాట్లాడతాను.

చాలా ఏళ్లు చిన్న తరగతులకే చదువు చెప్పినాను. తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగిన మాట ఒక్కటే. "ఒకటో తరగతిలో నేర్చుకునేదానికి ఏముంటాది టీచర్?" అని. పుస్తకాలు చూస్తే తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, అంతే. పరిసరాల విజ్ఞానానికి విడిగా పుస్తకం మూడో తరగతిలో వస్తుంది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం ఒకటో తరగతి అయ్యేసరికి 99 వరకు, రెండో తరగతి అయ్యేసరికి 999 వరకు అంకెలు చదవడం, రాయడం రావాలంటుంది. మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థమయ్యేలా చదవాలంటుంది. 99 వరకేనా అనిపిస్తుంది వినేవాళ్లకు. ఆ 99 లోపల ఎంత ఉందో ఒక పాప నాకు చూపించింది.

రెండో తరగతి పాప. "ఇరవై మూడు రాయమ్మా" అంటే పలక మీద రెండు, సున్నా, మూడు వేసేది. 203. ముప్పై ఐదు అంటే 305. తప్పని కొట్టేసేదాన్ని. ఐదేసి సార్లు, పదేసి సార్లు రాయించేదాన్ని. రాసినంతసేపు బాగానే రాసేది. తెల్లారితే మళ్లీ 203. వాళ్లమ్మ వచ్చి "దీనికి లెక్కలు తలకెక్కవు టీచర్" అనింది, బిడ్డ వింటుండగానే.

ఒక రాత్రి ఆ నోటుపుస్తకం ముందు పెట్టుకొని కూర్చుంటే అప్పుడు తట్టింది నాకు. ఇరవై అంటే 20. మూడు అంటే 3. ఇరవై, మూడు. చెవికి ఎట్ల వినిపించిందో పాప అట్లే రాసింది. ఆ రాతకు ఒక కారణముంది. ఆ కారణం అడక్కుండానే ఇన్నాళ్లూ ఎర్ర సిరాతో కొట్టేసినాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మరుసటి రోజు దోసెడు చెనిక్కాయలు తీసుకుపోయి పాప ముందు పోసినాను. "ఎంచకుండా చెప్పు, ఎన్నుంటాయి?" అన్నాను. "వంద" అనింది. ఎంచితే 23. పది పది కుప్పలు పెట్టమన్నాను. రెండు కుప్పలు అయినాయి, మూడు కాయలు మిగిలినాయి. కుప్పల ముందు 20 అని రాసిన అట్టముక్క, మూడు కాయల ముందు 3 అని రాసిన చిన్న అట్టముక్క పెట్టినాను. "ఈ రెండూ కలిపి ఇరవై మూడు చెయ్యి" అన్నాను. పక్కపక్కన పెట్టింది. 203.

"ఇది రెండు వందల మూడు. అంటే ఇట్లాంటి కుప్పలు ఇరవై ఉండాల. మనకెన్ని ఉన్నాయి?"

"రెండే."

చాలాసేపు చూసింది. నేనేమీ అనలేదు. చిన్న అట్టముక్క తీసి 20లోని సున్నా మీద పెట్టింది. సరిగ్గా సున్నా మీద. ఎత్తి చూసింది, మళ్లీ పెట్టింది. ఎత్తింది, మళ్లీ పెట్టింది. "సున్నా పోలేదు టీచర్. మూడు కింద దాక్కొనింది."

అదే కాయ మాకు తెలుగు కూడా నేర్పింది. పుస్తకంలో వేరుశనగ. మన ఇళ్లల్లో చెనిక్కాయ. కర్నూలు వైపు పోతే బుడ్డలు. అన్నీ రాసుకోమన్నాను. ఇంటి మాటను తప్పు అంటే ఆ బిడ్డ మన ముందు నోరు విప్పడు, ఇది నేను గట్టిగా నమ్ముతాను. ఆ రోజు ఒక రైతుబిడ్డ లేచి, "వేరుశనగ అంటారు గాని, అది వేరుకు కాయదు టీచర్" అన్నాడు. విత్తిన నెలన్నరకు బడి పక్క చేన్లోంచి చెట్టు పీక్కొచ్చి చూపించినాడు. పైన పసుపు పువ్వు. పువ్వు వాడినచోట నుంచి సన్నటి ఊడ వంగి మన్నులోకి దిగింది. దాని కొసన చిటికెనవేలి గోరంత కాయ. "ఊడలు మర్రిచెట్టుకు కదా ఉండేది?" అనింది ఇంకో పాప. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసొచ్చిందట. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన మాను అది. మర్రి ఊడ కొమ్మ నుంచి దిగే వేరు. చెనిక్కాయ ఊడ పువ్వు నుంచి దిగుతుంది. రెండింటికీ మాట ఒకటే. ఇంగ్లీషులో గ్రౌండ్‌నట్ అని నేను బోర్డు మీద రాస్తే, "గ్రౌండ్ అంటే మనం ఆడుకునే నేల" అని వెనక నుంచి ఒకడు అరిచినాడు. అది తెలుగు పీరియడో, సైన్సు పీరియడో, ఇంగ్లీషు పీరియడో గంట కొట్టేదాకా మాకు గుర్తులేదు.

ఇంట్లో మీరు చేయాల్సింది ఒక్క పని. "ఈ రోజు ఎన్ని పేజీలు రాసినావు?" అని అడిగేచోట, "నీకెట్ల తెలిసింది?" అని అడగండి. తప్పు చెప్పినా అడగండి, సరిగ్గా చెప్పినా అడగండి. తప్పు చెప్పినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే బిడ్డ బెదిరి జవాబు మార్చేస్తాడు. సరిగ్గా చెప్పినప్పుడు కూడా అడగాల. చదువురాని అవ్వ కూడా అడగొచ్చు ఈ ప్రశ్న. నీకెట్ల తెలిసింది నాయనా? అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. పిల్లలకు ఆలోచించేదానికి మనం అనుకున్న దానికన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఈ రాత్రి అన్నాలు తిన్నాక ఒక దోసెడు కాయలు తెచ్చి పిల్లల ముందు పోయండి. ముందు అందాజుగా చెప్పమనండి, తర్వాత ఎంచమనండి, పది పది కుప్పలు పెట్టమనండి. ఎంచేటప్పుడు నాలుగు గింజలు నోట్లోకి పోతే పోనీండి. విత్తనానికని మందు పట్టించిన గింజలు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి.

నమస్కారం.