అమ్మ తిరగేసి చూసిన చీర

అందరికీ నమస్కారం. ఈసారి వెనకాల న్యూజెర్సీ మంచు లేదు, వినిపిస్తున్నది మా పక్కింటి కోడి. నెల్లూరు వచ్చి నాలుగు రోజులైంది. మూలాపేటలో అమ్మవాళ్ల ఇంటి మేడ మీద కూర్చుని ఇది చెబుతున్నాను. రాత్రి పగలు తారుమారై రోజూ మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఆ వేళప్పుడు నేను చేసే పని ఒక్కటే, నా వీడియోలు ముందునుంచీ చూస్తున్నవారికి తెలుసు: ఫోనులో గౌరాంగ్ షా చీరలు చూసుకోవడం.

కొత్తగా చూస్తున్నవారికి రెండు ముక్కలు. గౌరాంగ్ షా హైదరాబాదు డిజైనర్. మనలో చాలామందికి ఆయన పేరు 'మహానటి'తో తెలిసింది. ఆ సినిమా దుస్తులకు ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనారావులతో కలిసి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. నాకు ఈ పిచ్చి అంతకు ముందే పట్టింది. మిగతా డిజైనర్ల పనితనం కత్తెర దగ్గర మొదలైతే, ఈయనది మగ్గం దగ్గరే సగం అయిపోతుంది. ఆయన చేతిలో ముఖ్యమైన విద్య జాందానీ. ఇది ఢాకా వైపు పుట్టిన నేత, మన ఉప్పాడకు, వెంకటగిరికి కూడా బాగా అలవాటైనదే. బుటాను అద్దడం, కుట్టడం ఉండదు. నేసేటప్పుడే అదనపు పేక (అడ్డ) పోగును వేళ్లతో పడుగు (నిలువు) పోగుల్లోకి దూర్చి పువ్వో నెమలో తెప్పిస్తారు.

డిజైనర్లు కొత్త బట్టలు చూపించే లాక్మే ఫ్యాషన్ వీక్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, వేసవి బట్టలకు ఒకసారి, చలికాలానికీ పండుగలకూ కలిపి ఇంకోసారి. గౌరాంగ్ షా కొత్త చీరలు వస్తున్నాయంటే ఆ రోజు మా ఇంట్లో వంట ఆలస్యం. అన్నీ నచ్చుతాయని అబద్ధం చెప్పను. ఘేరు ఎక్కువున్న ఆ అనార్కలీలు నాకు ఎక్కవు, అంత మంచి నేతను మడతల్లో దాచేసినట్టు ఉంటుంది. చీర దగ్గరికి వస్తే మాత్రం నోట మాట రాదు. అంచు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు, కొంగు ఇంకో రంగు, చెబితే మూడూ కలవవనిపిస్తాయి, చూస్తే వేరే రంగు ఊహించలేం.

అయినా చలికాలం చీరలు, ఎండాకాలం చీరలు అని ఎవరైనా అంటే నెల్లూరులో నవ్వుతారు. మా చలికాలమంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికి వెళ్లేటప్పుడు స్వెటరు వేసుకోవాలా వద్దా అని అరగంట ఆలోచించడమే. చిన్నబజారులో బట్టలకు కాలాలు వేరు. ఆషాఢం తగ్గింపు, శ్రావణం పట్టు, సంక్రాంతి, ఆపైన మాఘమాసం పెళ్లిళ్లు.

ఇక అసలు సంగతి. నా దగ్గర గౌరాంగ్ షా చీర ఒక్కటి కూడా లేదు. ధర చూసి ప్రతిసారీ ఫోను బోర్లా పెట్టేస్తాను. పోయిన సంక్రాంతికి మాత్రం ఆగలేక, అచ్చం ఆయన చీరలా ఉందని, 'చేనేత జాందానీ' అని రాసి ఉంటే ఆన్‌లైన్‌లో ఒకటి కొన్నాను. న్యూజెర్సీలో అందరూ మెచ్చుకున్నారు. దాన్నే గర్వంగా సూట్‌కేసులోంచి తీసి అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ చీర అందాన్ని చూడలేదు. కొంగు పట్టుకుని తిరగేసింది. వెనక వైపు ప్రతి బుటా చుట్టూ పోగులు కత్తిరించిన చిన్న చిన్న కొసలు, గడ్డం గీసి రెండు రోజులైనట్టు. బొటనవేలితో ఒకసారి రుద్ది, "బొమ్మ దానంతటదే వచ్చే జకార్డు మగ్గం మీద వేసి, వెనక వేలాడే పోగులు కోసేశారు. దీన్ని జాందానీ అని ఎవరన్నారే?" అంది. ఎంతకు కొన్నావని అడిగింది. సగం ధర చెప్పాను. ఆ సగానికే నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

తర్వాత బీరువా తెరిచి తన వెంకటగిరి చీర తీసింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాకు వెళ్లింది, మా అమ్మకు మాత్రం అది ఇప్పటికీ నెల్లూరే. వెలుగోటి రాజుల పోషణలో ఎదిగిన నేత అది. సన్నని తెల్ల నూలు, కొంగు మీద జరీతో పెద్ద నెమలి. గంజి వాసన, కలరా ఉండల వాసన కలిసి వచ్చాయి. "ఇప్పుడు చెప్పు, ఏది ముందు, ఏది వెనక?" అంది. ఇదిగో, కెమెరా దగ్గరికి పెడుతున్నాను, మీరే చూడండి. ఇటు తిప్పినా నెమలే, అటు తిప్పినా అదే నెమలి. ఒక్క పోగు వేలాడటం లేదు. నేను చిన్నప్పుడు ఈ చీరను ముసలివాళ్ల చీర అనేదాన్ని. ఆ మాట అమ్మ మరిచిపోలేదు, నిన్న కూడా గుర్తు చేసింది.

మర్నాడు పెన్న వంతెన దాటి కోవూరు మండలంలోని పాటూరు వెళ్లాం. పాటూరు చీరలంటే నెల్లూరులో తెలియనివారు ఉండరు. జాందానీ నేసేవారు కావాలని అమ్మ తెలిసినవాళ్లను అడిగితే ఒక ఇంటికి పంపారు. ఆ పెద్దాయన అత్తగారి ఊరు వెంకటగిరి, పని అక్కడే నేర్చుకున్నారట. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పను.

ఈ శబ్దం వింటున్నారా? గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి, గట్టు మీద కూర్చుని నేస్తున్నారు. పడుగు కింద కాగితం మీద గీసిన నెమలి బొమ్మ ఉంది. ఒక్కో రంగుకు పోగు చుట్టిన వేలెడంత కండె. నాలుగైదు పడుగు పోగులు వేలితో ఎత్తి, జరీ దూర్చి, ఆ కండె అక్కడే వదిలి, పక్కది అందుకుంటారు. వెడల్పంతా ఇలా అయ్యాక పేక పోగును మోసే నాడె ఒకసారి అటు నుంచి ఇటు వస్తుంది. పేకను దగ్గరికి నెట్టే అచ్చుతో ఒక దెబ్బ. మళ్లీ మొదటి నుంచి. నలభై నిమిషాలు కెమెరా నిలబెట్టి తీశాను. వేగం పెంచి చూసినా నెమలి ముక్కు గోరంతే పెరిగింది.

చలికాలం చీరల గురించి ఆయన్నూ అడిగాను. "మాకు వానాకాలమే లెక్కమ్మా" అన్నారు. కార్తీకంలో వానలు పట్టుకుంటే గుంటలోకి నీరు ఊరుతుంది, పడుగు చెమ్మెక్కుతుంది, మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే మజూరీ లేదు. ఈ ఏడు తొమ్మిది రోజులు ఆగిందట. గుంట గోడ మీద నీటి గీత ఇంకా కనిపిస్తోంది, అదిగో, ఆయన మోకాలి పక్కన.

బయలుదేరే ముందు ఉండబట్టలేక ఫోను తీశాను. 2019లో గాంధీజీ 150వ జయంతి సందర్భంగా గౌరాంగ్ షా 30 రవివర్మ చిత్రాలను శ్రీకాకుళం ఖద్దరు మీద జాందానీలో నేయించారు. రవివర్మ బొమ్మలో చెంప మీద వెలుగు నీడ ఉంటుంది కదా, దాన్ని సహజ రంగులు వేసిన నూలు పోగులతో తెప్పించారు. నేను ఎవరికి చూపినా "అబ్బ, పెయింటింగ్‌లా ఉంది" అంటారు.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, ఫోను తీసుకుని, భార్యను పిలిచారు. ఆమె కండెలు చుట్టే రాట్నం ఆపి వచ్చింది. ఇద్దరూ బొమ్మను పెద్దది చేసి ముక్కు పక్కన నీడ దగ్గర ఆగిపోయారు. "ఇక్కడ ఎన్ని కండెలు పట్టి ఉంటాయి?" అని ఆయన, "పదికి తక్కువ ఉండవు" అని ఆమె. అందంగా ఉందని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. చాలాసేపు చూశారు. చివరికి ఆయన ఫోను తిరిగి ఇస్తూ అడిగారు:

"దీని వెనక వైపు ఫోటో లేదా అమ్మా?"

నా ఫోనులో గౌరాంగ్ షా చీరలు ఆరు వందలకు పైగా ఉన్నాయి. అక్కడే అరుగు మీద కూర్చుని మొత్తం వెతికాను. ఒక్కటీ లేదు.